నాలుగు పొయ్యిల ఇల్లు

కాకిలెక్కలంటే నాకు ఒళ్లు మండుతుంది. బ్రూస్‌పేటలో మా వీధికి వేసినవి అవే.

కొత్త నీళ్ల పైపు ఎంత లావుండాలో తేల్చాలంటే వీధిలో ఇప్పుడెంతమంది ఉన్నారో, ముప్పై ఏళ్లకు ఎంతమంది అవుతారో తెలియాలి. ఆ అంచనాలు కట్టే చిన్న సంస్థలో నాకు ఉద్యోగం. మా సారు పద్ధతి సులువు. కరెంటు మీటర్లు ఎన్ని ఉంటే ఇళ్లు అన్ని, ఇంటికి సగటున ఇంతమంది, ఏటా ఇంత పెరుగుదల. నేను కాపురానికొచ్చిన కొత్తలో వేసిన పైపుకూ ఇదే లెక్కట. అదెంత నిజమైందో మా చిన్న తోడికోడలి నడుమునడగాలి. ఇంటి వెనకభాగంలో ఆమె కొళాయి బుస్సుమంటుందే తప్ప చుక్క రాలదు. ఏడో నెల కడుపుతో పక్కవీధి నుంచి బిందెలు మోస్తోంది.

మా ఇంటికి మీటరు ఒకటే, పోయిన మామగారి పేరు మీద. పొయ్యిలు మాత్రం నాలుగు. అన్నదమ్ములు నలుగురూ వేరుపడి చాలా కాలమైంది. వీధిలో సగం ఇళ్లు ఇంతే. మీటరు మార్పించరు, వేరుపడ్డామని పైకి చెప్పుకోరు.

"ఇళ్లు కాదు సార్, పొయ్యిలు లెక్కపెట్టాల," అన్నాను.

"జనం ఒప్పుకోవాల గదమ్మా. అడిగితే అంతా ఒకటే సంసారం అంటాండారు. మీ అత్తగారూ అదే చెప్పిరి."

ఇంటికెళ్లి అత్తనే నిలదీశాను.

"ఏమ్మే, ఇంటిగుట్టు లంకకు చేటు. నేను బతికుండంగా ఈ ఇల్లు ఒకటే," అంది.

"ఒకటే అయితే చిన్నదాని బిందె మనమెవురమూ మోయమేం అత్తా?"

ఆమె లేచి వెళ్లిపోయింది. నాతో మాటలు మానేసింది. మానితే మానిందని నేను గడపగడపకూ తిరిగాను. ఎంతమందని అడగలేదు. పొద్దున ఏం వండినారని అడిగాను. ఒకే తలుపు వెనక ఒకచోట ఉగ్గాని, ఒకచోట సంగటి, ఇంకోచోట చిత్రాన్నం. పొయ్యిలు వాటంతటవే బయటపడ్డాయి.

సారుకు నమ్మకం కుదరలేదు. "ఒక్క ఇల్లన్నా నా ముందర ఒప్పుకుంటే మారుస్తా," అని నా వెంట వచ్చాడు. అత్త అరుగు మీద కూర్చుని ఉంది. చిన్న కోడలు బిందెతో వచ్చి, మెట్టు దగ్గర ఆగి గోడ పట్టుకుంది. అత్త ఆమెను చూసింది.

"నాలుగు పొయ్యిలుండాయప్పా. రాసుకో," అంది.

ఎదురింటి ముసలమ్మ, "మాయి మూడప్పా," అంది. సారు పాత అంకె కొట్టేశాడు.

ఆ సాయంత్రం నేనే బిందెలు మోసుకొస్తుంటే అత్త పిలిచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు కోపమంతా పోయి జాలేసింది.

"ముప్పై ఏండ్లకు ఈ ఇంట్లో ఎంతమందిమని రాస్తారే?"

"ఆ లెక్క ఇంకా వెయ్యాల అత్తా."

"వేసేటప్పుడు నన్ను తీసెయ్. చిన్నదాని కడుపులో ఉండేదాన్ని మర్చిపోవద్దు."