సూరమ్మ చెంబు

వంతెన చూడవచ్చినవాళ్ళు పట్టాల మీద నడుస్తారు, రైలు కూత వినగానే పక్క అరుగుల మీదికి తప్పుకుంటారు, ఫోటోలు దిగుతారు, ఆకలేసి మా దగ్గరికొస్తారు. కాంచనబురిలో మా బతుకంతా ఆ వంతెన చివరే. నేను టోపీలు అమ్ముతాను, మా ఆడపడుచు లమ్‌చియక్ పక్కనే అరటిపళ్ళు కాల్చి అమ్ముతుంది. డెబ్బై రెండేళ్ళొచ్చినా ఒక్కసారీ వంతెన దాటలేదు. అడిగితే, "అవతల మాత్రం అరటిపళ్ళుండవా ఏంటి" అంటుంది.

ఆమె దగ్గరొక ఇత్తడి చెంబు ఉంది. యుద్ధంలో జపానువాళ్ళు ఈ రైలుదారి వేయించేటప్పుడు మా మామగారు పడవలో కూలీల పాకలకు పళ్ళు తీసుకెళ్ళేవారు. డబ్బుల్లేని ఒక ఇండియా కూలీ ఆ చెంబిచ్చి గెల తీసుకున్నాడు. మనసొప్పక వారానికి తిరిగిద్దామని వెళ్తే పాకలో కలరా, మనిషి లేడు. అప్పటినుంచి గుడిలో పోయినవాళ్ళకు పుణ్యం అందాలని నీళ్ళు ధార పోసేది ఆ చెంబుతోనే. మామగారి తర్వాత లమ్‌చియక్. అందరివీ గుప్పెడంత గిన్నెలు. భిక్షువులు చదవడం ముగిసేసరికి నీళ్ళూ అయిపోవాలి. ఈమెవి అవవు.

"ఏటినే మోసుకొచ్చావా?" అంటాను.

"మా అన్నయ్య వాటా కూడా ఇందులోనే. ఊరుకో వదినా."

పోయిన ఎండాకాలం అప్పలస్వామి అని ఒకాయన వంతెన చూడ్డానికి వచ్చాడు. మలేషియా సరిహద్దు తెలుగు మనిషి, మా భాషా వచ్చు. లమ్‌చియక్ గుడినుంచి నేరుగా వచ్చి చెంబు బుట్ట మీద బోర్లించింది. ఆయన పండు తింటూ అంచు కింద చెక్కిన అక్షరాలు చూశాడు. మా ఊళ్ళో ఎవరూ చదవలేకపోయినవి.

"సూరమ్మ," అన్నాడు. "ఆడమనిషి పేరు, పిన్నీ. మావాళ్ళు పెళ్ళిచెంబుల మీద ఇలా చెక్కిస్తారు."

"మా నాన్నకిచ్చింది మగాడే."

"అయితే పెళ్ళాందో తల్లిదో. మా సంఘం హాల్లో పెడతాం, ఇస్తారా? ఈ దారి వేస్తూ పోయిన తెల్ల సైనికులకు వరసలుగా సమాధులున్నాయి. మావాళ్ళ గుర్తు ఒక్కటీ కనపడలేదు."

నేనైతే అక్కడే కాదనేదాన్ని. కానీ అది మామగారు తిరిగిద్దామనుకున్న వస్తువు. లమ్‌చియక్ పటకారుతో పళ్ళు తిప్పుతూ, "రేపు పొద్దున గుడికి రా అబ్బాయ్. అప్పుడు చెప్తా," అంది.

వచ్చాడు. ధార పోసేవాళ్ళ మోచెయ్యి పట్టుకుంటే ఆ పుణ్యంలో మనకూ వాటా. ఎడమది నేను పట్టుకుని, కుడిది ఆయన్ని పట్టుకోమన్నాను. భిక్షువులు చదవడం ముగించారు. పళ్ళెంలోకి ధార పడుతూనే ఉంది. జనం మా వైపు చూశారు. ఆయన చెయ్యి తీయలేదు.

ఆ నీళ్ళు చెట్టు మొదట్లో పోసొచ్చి, లమ్‌చియక్ చెంబు తుడిచి ఆయన ముందు పెట్టింది.

"మీ హాల్లో దీంతో నీళ్ళు పోస్తారా?"

"అద్దాల పెట్టెలో పెడతాం."

"ఊఁ," అంది. చెంబు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆయన సంచిలోంచి కాగితం తీసి అక్షరాల మీద అదిమి, పెన్సిలుతో రుద్దాడు. నల్లటి మధ్యలో పేరు తెల్లగా పడింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, చెంబు ఆమె బుట్టలో పెట్టి, మధ్యాహ్నం రైలెక్కాడు.

ఇప్పుడు ఆమె ధార పోస్తూ "సూరమ్మ మనిషికి" అంటోంది.

"ఇన్నేళ్ళూ పేరు లేకుండా పంపిందంతా ఎవరికి చేరిందో," అన్నాను.

"చెంబు గలాయనకి అనేదాన్నిగా. నువ్వు మోచెయ్యి సరిగ్గా పట్టుకో."