మూడో ట్యాంకులోంచి వచ్చిన మాట

ముందే చెబుతున్నాను... ఆ రాత్రి నేను తాగి లేను. సింగపూర్‌లో బీరు కార్ఖానాలో ఆరేళ్లు పనిచేసి కూడా చుక్క నోట పెట్టనివాణ్ణి. తిన్న అన్నం మీద ఒట్టు, ఇది జరిగింది.

కార్ఖానా ఒక గుట్ట మీద ఉండేది. యజమాని ముసలి చీనా ఆయన. అందరం అంకుల్ అనేవాళ్లం. వాళ్ల నాన్న రాగి కాగును తాళ్లతో గుట్టపైకి లాగించి మొదలుపెట్టాడట. ముందు గుట్ట కింద ఒక పబ్బు... తర్వాత ఊళ్లో ఇంకో మూడు. కంప్యూటర్ల కాలం వచ్చాక నాలుగూ కిటకిటలాడేవి. మెడలో కార్డులు వేసుకున్న హైదరాబాద్ కుర్రాళ్లు తాగేవాళ్లు, కరీంనగర్ వాళ్లం ట్యాంకులు కడిగేవాళ్లం. ఎవరి రాత వారిది.

నాతోపాటు రాజయ్య. బూన్ లే అనే పేటలో ఒకే గది మాది, ఒకటే బియ్యం డబ్బా. ట్యాంకు పక్కనున్న మూతలోంచి దూరి కడిగేది అతను, దాన్ని బయటినుంచి బిగించేది నేను. బిగించేముందు మూడుసార్లు తట్టాలి, లోపల మనిషి ఉంటే "ఉన్న" అనాలి. ఎందుకంటే బీరు పులిసినప్పుడు పుట్టే గాలి అడుగున నిలిచిపోతుంది. కంటికి కనబడదు... మూత పడిందంటే మనిషిని నిలబడ్డచోటే పడేస్తుంది.

ఒక శుక్రవారం పని ఆలస్యమైంది. ఆఖరి బస్సు పోతుందని నా తొందర.

"అయిందా రాజయ్యా?" అని కేకేశాను.

"వస్తన్నా..."

మోటారు మోతలో మాట ఎటునుంచి వచ్చిందో తెలియలేదు. గదికి పోతూ 'వస్త, అన్నా' అంటున్నాడనుకున్నాను. మనవాళ్లు పోతున్నా అనరు కదా.

"సరే, రా" అన్నాను. తట్టలేదు. మూత బిగించి బస్సెక్కాను. గదిలో అతను కనబడకపోతే ఎవరో స్నేహితుడి దగ్గరికి పోయాడనుకుని పడుకున్నాను.

అతను లోపలినుంచి 'వస్తున్నా' అన్నాడు. మా వైపు దాన్నీ 'వస్తన్నా' అనే అంటాం.

పొద్దున మూడో ట్యాంకులోంచి తీశారు... శవాన్ని. మూత ఎవరు వేశారని అడిగితే నాకు తెలియదన్నాను. పర్మిట్ పోతుందని భయం. ఇన్నేళ్లలో మీకే చెబుతున్నాను.

తర్వాత కంప్యూటర్ కుర్రాళ్ల ఉద్యోగాలు ఊడాయి. పబ్బులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరికి కార్ఖానా కూడా. అమ్మేసినా ట్యాంకులు శుభ్రంగానే పోవాలని అంకుల్ పట్టుదల.

"వన్ లాస్ట్ వాష్ లా" అని, ఆఖరి కడుగుడు నాకు అప్పగించి, తాళాలు నా చేతిలో పెట్టి గుట్ట దిగాడు.

మోటార్లు లేవు. కీచురాళ్లు మాత్రం అరుస్తున్నాయి. మూడో ట్యాంకు ఆఖరున కడిగి, తుడిచి, టార్చి వేసి చూశాను. ఖాళీ. మూత బిగించాను. చెయ్యి దానంతట అదే తట్టింది.

టక్. టక్... టక్.

కీచురాళ్లు ఆగిపోయాయి.

లోపల నీళ్లు పడుతున్న చప్పుడు. పైపు కట్టేసింది నేనే... తర్వాత తడికాళ్లు ఈడ్చిన చప్పుడు. ఒకటి... ఇంకొకటి... సరిగ్గా మూత వెనక ఆగింది.

"వస్తన్నా..."

రాజయ్య గొంతే. కోపం లేదు. పని ముగించుకున్నవాడి గొంతు.

"పోతున్నవా రాజయ్యా... వస్తున్నవా?" అని అడిగాను.

వేళ్ల కింద మూత మంచులా చల్లబడింది. తియ్యాలి... చేతులు రాలేదు. అలాగే వదిలేసి గుట్ట దిగాను.

పొద్దున అంకులే తెరిచి చూశాడు. లోపల చుక్క తడి లేదట. అది నా చెవి భ్రమో, నా పాపమో, అతనో... ఇప్పటికీ తెలియదు. సెలవు తీసుకున్నాడో, బయటికి రావాలనుకున్నాడో అదీ తెలియదు. ఇక తెలిసే దారీ లేదు.

'వస్త' అన్నవాడికి మనం 'రా' అంటాం. మొదటిసారి అన్నాను, మూత బిగిస్తూ. రెండోసారి అనలేకపోయాను.