తొమ్మిది చుక్కలు

కోల్‌కతా పక్కన సంత్రాగాఛి స్టేషన్లో, ప్లాట్‌ఫారం మీద లోకల్ రైలు కోసం కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ ఫోను తెర మీదున్న తొమ్మిది చుక్కలను వేలితో కలుపుతోంది. తప్పు అని రాగానే, చెరిగిన ముగ్గును మళ్ళీ మొదలుపెట్టినట్టు ఓపికగా గీస్తోంది. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని ఇటు తిరిగింది.

"బాబూ, ఇది మా ఆయన ఫోను. దీని గీత సెప్పకుండానే సచ్చిపోయేడు. నాకొచ్చిన ముగ్గులన్నీ ఏసి సూసేను."

"ఆయనకు ముగ్గులు వచ్చా?"

"ఆయనకేటి ముగ్గులు! జన్మంతా కార్పొరేషన్ రోడ్లూడ్సేడు."

అని, చీపురు తిప్పినట్టుగా కూడా ఒకసారి గీసింది. తెరుచుకోలేదు.

షాపులో తెరుస్తారు గానీ లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని చెప్పాను. ఇలాంటి సలహాలివ్వడంలో నేను దిట్టను.

"ఆయన నన్ను పిలిసిన మాట రికార్డు ఒకటుంది బాబూ దీన్లో. అది పోతే మరి ఫోనెందుకు?"

ముప్పై సెకన్లు ఆగమంది ఫోను. ఆవిడ ఆగింది. మళ్ళీ గీసింది. ఈలోగా నా లోకల్ వచ్చింది. రైలు కదిలాక కిటికీలోంచి చూస్తే, ఆ వేలు ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇంటికి వెళ్ళగానే నా ఫోను గీత మా ఆవిడకు చూపించాలనుకున్నాను. రెండేళ్ళయింది. ఇంకా చూపించలేదు.