తెగిన తీగ చివర ముప్పై ఆరు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను లేచిపోతాను. ఇది ఎవరో చెబితే విన్నది కాదు... నేను కూర్చుని చూసింది. ఒట్లు పెట్టను. ఒట్లు దొంగలు పెడతారు. జరిగింది, అంతే.

నేను సూర్యాపేటలో రేడియోలు బాగు చేస్తూ ముసలివాణ్ణయ్యాను. బడికి పోయింది తక్కువ. వాల్వు రేడియోల కాలంలో ఏ కాలు దగ్గర, అంటే ఏ పిన్ను దగ్గర, ఎంత కరెంటు ఉండాలో ఇప్పటికీ నోటికి చెబుతాను. రేడియోలు పోయాక కంప్యూటర్లు విప్పాను. లినక్స్ అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దాని లోపలి సరుకు ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు. డిగ్రీ అడగరు. నాకు అది నచ్చింది. కంప్యూటర్ బోర్డు మీద వేడిని కొలిచే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. అది చెప్పేది సిస్టమ్‌కు అర్థమయ్యేలా చేసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. నేను రాసేవి అవే.

వేములపల్లి దగ్గరి ఒక రైసు మిల్లు సేటు, కోదాడలో ఎవరో పాత సామాను అమ్ముతుంటే ఒక కంప్యూటర్ కొన్నాడు. దాని చిప్పుకు డ్రైవర్ లేదు. రాశాను. బోర్డు నుంచి ఒక తీగ కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీల గదిలోకి పోతుంది. తీగ చివర పెసరగింజంత సెన్సర్. అక్కడ వేడి పెరిగితే బయట అలారం మోగుతుంది.

బాగానే ఉంది కానీ మిల్లు అదురుకు తీగ అప్పుడప్పుడు వదులయ్యేది. వదులైనప్పుడల్లా అలారం. సేటు ఫోన్ చేసి అరిచేవాడు. “ఏందయ్యా ఈ కూత? నిద్రపోనీయదా?” అని.

నేనేం చేశానంటే... తీగ తెగిందని చిప్పు చెబితే, ఆ మాట దాచేసి, అంతకుముందు వచ్చిన అంకెనే మళ్లీ చూపించమని రాశాను. అలారం ఆగింది. సేటు సంతోషించాడు. నేనూ మురిసిపోయి ఆ డ్రైవర్‌ను అందరికీ పంచే చోటుకు పంపాను. అక్కడ వాటిని పరిశీలించే ఆయన, ఎక్కడో పరాయి దేశంలో ఉంటాడు, ఒక్క ముక్క రాశాడు. తీగ తెగితే తెగిందని చెప్పు, పాత అంకె చూపిస్తే వాడేవాడు మోసపోతాడు అని. నాకు ఒళ్లు మండింది. నాకు చెప్పేవాడా? నేను రేడియో విప్పేనాటికి వీడు పుట్టాడా? జవాబివ్వలేదు. మిల్లులో నాదే నడిచింది.

ఆ మిల్లుకు వాచ్‌మన్ సైదులు. నాకన్నా చిన్నవాడు. నన్ను అన్నా అని పిలుస్తాడు. నేను పోతే తన టీలో సగం నాకే పోసేవాడు.

ఒక రాత్రి బ్యాటరీల గది అంటుకుంది. అలారం మోగలేదు. కమురు వాసనకు లేచి, స్విచ్చు తీయబోయి సైదులు కుడి చెయ్యి కాల్చుకున్నాడు. సూర్యాపేట దవాఖానలో పడుకోబెట్టారు. మర్నాడు సేటు ఫోన్ చేసి ఏమన్నాడో వినండి.

“కంప్యూటర్‌ల తెల్లార్లూ ముప్పై ఎనిమిదే ఉంది. ఇగ బ్యాటరీలు ఎట్ల కాలుతయ్? ఆ సైదులుగాడే బీడీ తాగి పారేసిండు. రేపు పొద్దుగాల నా మేనల్లుడొచ్చి కంప్యూటర్ సూస్తడు. ఎంటనే కేసు పెడుత.”

తీగ ఎప్పుడో తెగింది. ఆ ముప్పై ఎనిమిది... నాది.

సైదులును చూడ్డానికని ఇంట్లో చెప్పి బయలుదేరాను. దవాఖాన ముందు నుంచే బస్సు పోయింది. నేను దిగలేదు. మిర్యాలగూడ దాకా పోయి, ఆటో పట్టుకుని, చీకట్లో మిల్లు చేరాను. ఎందుకో చెప్పక తప్పదు. మేనల్లుడు చూసేలోపల సరైన డ్రైవర్ పెట్టేసి, నా పాతదాన్ని ఆనవాలు లేకుండా తుడిచేయడానికి.

మిల్లు బందయి ఉంది. ఎప్పుడూ అదిరే చోటు... చప్పుడే లేదు. ఉడికిన వడ్ల వాసన మీద కాలిన ప్లాస్టిక్ వాసన. ఆఫీసు గది తాళంచెవి ఎక్కడ పెడతారో నాకు తెలుసు. కంప్యూటర్ అటు గోడ పక్కన కాబట్టి కాలలేదు. స్విచ్చు వేశాను. ఫ్యాన్ గుర్రుమంది.

సరైన డ్రైవర్ ఎక్కించాను. తెర మీద వేడి ఉండే చోట “తెగింది” అని వచ్చింది. సరే. అదే రావాలి. ఇక పాతదాన్ని తుడిచే ఆదేశం కొట్టాను. ఒక్క మీట నొక్కితే ఖతం. వేలు పెట్టాను...

అంకె వచ్చింది.

ఇరవై తొమ్మిది. నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. ముప్పై... ముప్పై రెండు... మెల్లగా. చాలా మెల్లగా. ముప్పై నాలుగు... ముప్పై ఆరు. అక్కడ ఆగింది.

నా బతుకంతా సెన్సర్లను గుప్పిట్లో పట్టుకునే పరీక్ష చేశాను. మనిషి పిడికిలి మూస్తే అంకె అలాగే ఎక్కుతుంది. అలాగే ఆగుతుంది.

టార్చి తీసుకుని బ్యాటరీల గదిలోకి పోయాను. తీగ సగంలోనే కాలి కరిగి ఉంది. చివర గింజ లేనే లేదు. నేల చల్లగా ఉంది. తిరిగి వచ్చి బోర్డు దగ్గర మిగిలిన ముక్కను కూడా పీకేశాను. ఇక కొలవడానికి ఏమీ లేదు.

ముప్పై ఆరు.

డ్రైవర్ దింపాను. అంకె పోయింది. మళ్లీ ఎక్కించాను... ముప్పై ఆరు. చుక్క తర్వాత అంకె మాత్రం కొంచెం పెరిగి, కొంచెం తగ్గుతోంది. ఊపిరి తీస్తున్నట్టు. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నా వీపు వెనక ఎవరో ఉన్నారనిపించలేదు. అదే భయం. ఎవరూ లేరు. ఉన్నది అంకె ఒక్కటే.

“సైదులూ?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ముప్పై ఆరు అలాగే ఉంది. నేను ఆ మీట నొక్కలేదు. నొక్కలేకపోయాను. చాలాసేపటికి అది దిగడం మొదలుపెట్టింది. ఎవరో ఒక్కో వేలూ వదులుతున్నట్టు... చివరికి “తెగింది”. అంతే. తెల్లవార్లూ బయట తూము మీదే కూర్చున్నాను.

పొద్దున సేటు, ఆయన మేనల్లుడు కారు దిగారు. ఆ ముప్పై ఎనిమిది తప్పుడు అంకెని హమాలీలందరి ముందే చెప్పాను.

“మిషన్ అబద్ధమాడతదా పెద్దాయనా?” అన్నాడు సేటు.

“అది ఆడలే సేటూ. నేనాడిపిచ్చిన.”

మేనల్లుడు కోదాడ కుర్రాడు. నా పాత డ్రైవర్ విప్పి చూశాడు. “నిజమే మామయ్యా, తీగ తెగినా పాత అంకే చూపిస్తుందండీ ఇది. ఆ వాచ్‌మన్ తప్పేం లేదు” అన్నాడు. సేటు నన్ను అనరాని మాటలన్నాడు. పడ్డాను. కేసు మాట మళ్లీ ఎత్తలేదు.

అక్కడి నుంచి దవాఖానకు పోయాను. సైదులు మంచం దగ్గర అతని భార్య కూర్చుని ఉంది. అతనికి కూడా అంతా చెప్పాను. తలదించుకుని చెప్పాను.

“పోనీ తియ్యి అన్నా. నువ్వు కావాలని చేసినవా?” అన్నాడు. తర్వాత కాలని ఎడమ చెయ్యి నా మోకాలి మీద వేశాడు. “రాత్రంత నా కాడనే కూసుంటివి. ఈ చెయ్యి ఇడ్వకపోతివి. సలి జొరమొచ్చినా నీ చెయ్యి ఎచ్చగుండె. అది చాలు నాకు.”

నేను అతని భార్య వైపు చూశాను. “ఈయనకు సూదిమందిచ్చిర్రు అన్నా, నాకూ కన్నంటుకుంది. నువ్వెప్పుడొచ్చినవో నాకెరుక లేదు” అంది.

తీగ లేకుండా ఊరికే ఉన్న చిప్పు కాలు ఏ అంకైనా చూపిస్తుందని మీరంటారు. నేనూ అదే అనుకుంటాను, పగలు. కానీ అలా మెల్లగా ఎక్కి, ఆగి, దిగడం నేను ఎన్నడూ చూడలేదు. అది ఏమిటో నాకు తెలియదు.

డ్రైవర్ దిద్ది పంపాను. పరాయి దేశం ఆయనకు క్షమాపణ చెప్పాను. సేటుకు చెప్పాను, హమాలీలకు చెప్పాను, మీకూ చెప్పాను. సైదులు మాత్రం ఇప్పటికీ కనిపించిన వాళ్లందరికీ చెబుతుంటాడు... ఆ రాత్రి మా అన్న నా పక్కనే ఉన్నాడని. నేను రాలేదురా అని ఆ ఒక్కడికే చెప్పలేకపోతున్నాను.