పెరియనాయగి పై వాటా

"నువ్వే బాడిగింట్లో ఉండావు. నీకెందుకే ఊరోళ్ళకి బాడిగకిచ్చే ఇల్లు?"

విరుదునగర్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద నాగరాజన్ తన చెల్లెలు పెరియనాయగిని అడిగిన మాట ఇది. సాక్షి సంతకం పెట్టడానికి వచ్చిన సొంత అన్న అడిగాడు, పదిమంది వింటుండగా అడిగాడు. కొందరు నవ్వారు కూడా.

"కోవిల్‌పట్టిలో కొనాలంటే నాకు ఇంకో జల్మ కావాలన్నా. ఈడైతే ఈ జల్మలోనే అయితుంది," అని ఆమె లోపలికి పోయి సంతకం చేసింది.

ఆ జవాబు వెనక పందొమ్మిదేళ్ళ లెక్క ఉంది. కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి చేసే కొట్టులో, ఆరీ ఆరని బెల్లం పలక ముందు నిలబడి ముక్కలు కోసే పని ఆమెది. భర్త రామసుబ్బు లోడు ఆటో నడుపుతాడు. వాళ్ళు ఉండేది మూడు వేల అద్దె గది. ఆ ఊళ్ళో ఇల్లు కొంటే ఉన్నదంతా మింగేస్తుంది, రూపాయి తిరిగి రాదు. విరుదునగర్‌లో పప్పు మిల్లుల పక్కన పాత ఇల్లయితే కింద ఒక వాటా, పైన ఒక వాటా. మిల్లు పనికి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఇల్లు వెతుకుతూనే ఉంటారు. కొనేముందు నాలుగు ఆదివారాలు బస్సెక్కి పోయి చూసింది. కుళాయి ఎన్నాళ్ళకొకసారి వస్తుందని వీధిలో ఆడవాళ్ళను అడిగింది. ఆ వీధిలో ఇల్లు ఖాళీ అయితే ఎన్నాళ్ళకు నిండుతుందని టీకొట్టులో అడిగింది. మిద్దె ఎక్కి నెర్రెలు తడిమి చూసింది. అద్దె ఇల్లుంటే నిద్రపోతున్నా డబ్బొస్తుందని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు ఒక్క నీళ్ళ తొట్టి కూడా కడిగి ఉండరు. పెరియనాయగి కడిగింది.

చీటీ డబ్బు, మెడలో గొలుసు అమ్మిన డబ్బు కలిపి సగం ఇచ్చి, మిగతాది బ్యాంకు అప్పు చేసింది. నెల కంతు ఆరు వేల రెండు వందలు. వాటాకు నాలుగున్నర వేల చొప్పున అద్దె తొమ్మిది వేలు. మిగిలే రెండు వేల ఎనిమిది వందలు మిద్దె మరమ్మతుకు విడిగా దాచేది. అప్పు తీరేనాటికి తన చేతులు కత్తి పట్టలేవని ఆమెకు తెలుసు. అప్పటినుంచి ఆ ఇల్లు తనను పోషించాలి. ఆమె ఆశ అంతే.

అన్నీ అడిగి తెలుసుకున్న మనిషి ఒక్కచోట అడగలేదు. తాళాలు, అద్దె వసూలు విరుదునగర్‌లోనే ఉండే అన్నకు అప్పగించి, కాగితం రాయించుకోలేదు. తోడబుట్టినవాళ్ళ మధ్య కాగితాలేమిటని చుట్టాలందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఈ మాట ఎప్పుడూ చెల్లెళ్ళకే చెబుతారు.

నాలుగేళ్ళు అద్దె సరిగ్గానే వచ్చింది. తర్వాత ఒకనాడు నాగరాజన్ ఫోను చేశాడు. "పైవాళ్ళు కాలీ చేసినారు. ఈ కాలంలో మెట్లెక్కి కాపురముండేవాళ్ళు యాడుండారు?"

పద్నాలుగు నెలలు ఎవరూ మెట్లెక్కలేదట. కంతుకు నెలనెలా పదిహేడు వందలు తక్కువ పడితే పెరియనాయగి ఆదివారాలు కూడా కొట్టుకు పోయి పొట్లాలు కట్టింది.

ఒకరోజు పాకం పొయ్యి చెడి కొట్టుకు సెలవిచ్చారు. ఎవరికీ చెప్పకుండా విరుదునగర్ బస్సెక్కింది. ఖాళీగా ఉందన్న పై వాటా పిట్టగోడ మీద రెండు చీరలు, ఒక లుంగీ ఆరుతున్నాయి.

తలుపు కొడితే ఒక ముసలాయన వచ్చాడు. అరవంలో మాట్లాడబోయింది గాని, లోపల ఆయన భార్య కోడలిని తెలుగులో తిట్టడం విని తానూ తెలుగులోకి దిగింది.

"ఈడ బాడిగ ఎంతిస్తాండారు తాతా?"

"బాడిగా? మేము ఒత్తికి కదమ్మా ఉండేది. మూడు లచ్చలు ఇచ్చినాం, మూడేండ్లకి. ఇంటాయన నాగరాజన్."

ఒత్తి అక్కడి పద్ధతి. పెద్ద మొత్తం ముందే ఇచ్చి, గడువు తీరేదాకా అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం వెనక్కి తీసుకుపోతారు. కుళందైసామి అనే ఆ ముసలాయన స్పిన్నింగు మిల్లులో రిటైరయినవాడు. పెట్టె తెరిచి స్టాంపు కాగితం చూపించాడు. చెల్లెలికి కాగితం రాసివ్వని మనిషి, ముక్కూ మొహం తెలియని వాడికి సాక్షులతో సహా రాసిచ్చాడు.

ఆమె అక్కణ్ణుంచి నేరుగా అన్న ఇంటికి నడిచింది.

"ఏమన్నా, మెట్లెక్కేవాళ్ళు లేరంటివే? ఆ ముసలాయన రెక్కలు కట్టుకొని ఎగిరినాడా పైకి?"

"అరవద్దే. పక్కింటోళ్ళు ఇంటారు."

"ఇనేదానికే అరస్తాండా!"

నాగరాజన్ గొంతు తగ్గించాడు. అతనుండేదీ ఒత్తి ఇల్లే. యజమాని మాధవన్ రెండు లక్షల ఒత్తిని అయిదుకు పెంచాడు. "మూడు లచ్చలకి నేను యాడికి పోదును? నీ ఇల్లు ఊరికే, సుమ్మా దా ఉండె."

"సుమ్మానా? నెలనెలా బ్యాంకుకి ఎవరబ్బ కడతాండాడు?"

వంటింట్లోంచి వదిన తంగం వచ్చి మొగుడి మీద పడింది. "నువ్వు పని చేసే మిల్లు ఓనరు, ఆ మొదలాళి అప్పిచ్చినాడని నాతో చెప్పితివే! ఆడబిడ్డ చెమట మీద పండుకొని ఫాను ఏసుకుంటాండామా మనం?"

మరుసటి ఆదివారం చుట్టాలు కూర్చున్నారు. ఈసారి అన్న కాగితం రాసివ్వాల్సిందేనని పెరియనాయగి పట్టుబట్టింది. పెద్దవాడు పాండి మామ గొంతు సవరించుకున్నాడు. "తోడబుట్టినోని దగ్గర కాయితం రాయించుకుంటావా? రేపు నీ ఇంట్లో మంచీచెడ్డకి ముందు నిలబడేది ఎవరు?"

"నిలబడనీ మామా. సంతకం పెట్టి నిలబడమను."

ఆమె పోయి అడిగిన లాయరు చెప్పింది వేరు. యజమాని సంతకం లేని ఒత్తి చెల్లదు, ముసలివాళ్ళను బయటికి పంపవచ్చు అన్నాడు. పెరియనాయగి ఒప్పుకోలేదు. "ఆళ్ళ రూకలు దొంగ రూకలు కావు," అంది.

ఆమె పట్టుకున్నది మాధవన్ దగ్గరున్న అన్న ఒత్తి డబ్బును. రెండు ఒత్తులూ ఒకే జనవరితో ముగుస్తాయి. మాధవన్ దగ్గర కూర్చుని కాగితం రాయించింది: నాగరాజన్‌కు తిరిగి ఇవ్వవలసిన అయిదు లక్షల్లో మూడు లక్షలు పెరియనాయగి చేతికే ఇవ్వాలి. ఆమె వాటితో కుళందైసామి బాకీ తీరుస్తుంది. అందాకా పై వాటా అద్దె నెలనెలా నాగరాజన్ కట్టాలి. అన్న అరగంట కలం పట్టుకుని కూర్చున్నాడు. తంగం "పెట్టు" అంది. పెట్టాడు. ఆనాటినుంచి ఆ నాలుగున్నర వేలు అతని జీతంలోంచి తీసి ఫోనులో పంపేది తంగమే.

ఇప్పుడు తాళాలు పెరియనాయగి దగ్గర ఉన్నాయి. ఇంటి ముందు గోడ మీద ఆమె ఫోను నంబరు, దాని కింద అరవంలో రెండు ముక్కలు ఉన్నాయి: జనవరి నుంచి పై వాటా అద్దెకు. ఒత్తికి కాదు.

ఎగ్గొట్టిన పద్నాలుగు నెలల అద్దె అరవై మూడు వేలు. అన్నే కదా, వదిలెయ్యమన్నాడు పాండి మామ. ఆమె వదల్లేదు. నాగరాజన్ ఇంతవరకు ఎనిమిది వేలు ఇచ్చాడు. ఇంకా యాభై అయిదు వేలు ఇవ్వాలి.