రెండో డ్రైవ్

ఫొటో ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఆయన్ని వీధిలో అందరూ మాస్టారంటారు. పొద్దున్నే కంప్యూటర్ డబ్బాని చొక్కా అంచుతో తుడిచి, గొడ్డు వీపు తట్టినట్టు తట్టి, ఆ తర్వాతే స్విచ్ వేస్తాడు. మెమరీ చాలక మొరాయించే ఆ ముసలి యంత్రానికి మందు కనిపెట్టింది ఆయనే. రెండో డ్రైవ్ బిగించి, మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటుని, అదే వర్చువల్ మెమరీని, అందులోకి మార్చాడు. ఆ కిటుకు తన దగ్గరే పనిచేసిన బావమరిదికి ఒక్కడికే నేర్పాడు. మొన్న అతను ఎదురుగా సొంత కొట్టు తెరిస్తే రిబ్బన్ కత్తిరించిందీ మాస్టారే.

ఈ ఉదయం ఒక్క ఫొటో తెరుచుకోవడానికే ప్రాణం తీసింది. సెట్టింగ్స్‌లో చూస్తే మొదట్నుంచీ ఉన్న సి డ్రైవ్ ఒక్కటే ఉంది. డబ్బా మూత తీశాడు. రెండో డ్రైవ్ చోటు ఖాళీ. వేలాడుతున్న తీగ కొసకి దుమ్ము పట్టకుండా, తను నేర్పినట్టే, నీటుగా టేపు చుట్టి ఉంది. ఆ టేపుని కాసేపు నిమిరి, బావమరిదికి ఫోన్ చేశాడు.

“ఏరా, కొట్టెలా ఉంది?”

“బ్రహ్మాండం బావా. నీ సిస్టమ్ స్లో అయిందా? కంగారుపడకు, వర్చువల్ మెమరీ సి డ్రైవ్‌కి మార్చేసుకో.”

సిస్టమ్ మాట మాస్టారింకా ఎత్తనేలేదు. “అలాగేరా” అన్నాడు. వాడు చెప్పినట్టే మార్చుకున్నాడు. అలవాటుగా డబ్బాని తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.