వేలు దాటేసిన వార్త

నేను ఎప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు, మూడో తరగతితో బడి మానేశాను, తప్పులుంటే నా ఈడువాళ్లు మన్నించాలి. మొన్న టీవీలో నలుగురు ఒకేసారి వాదించుకుంటుంటే, నా చూపుడు వేలు దానంతటదే మంచం పట్టె మీద మెల్లగా కదలడం చూసుకుని, ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది.

స్వతంత్రం వచ్చిన కొత్తల్లో, ముసునూరు దగ్గర ఒక మామిడి తోటలో కాయలు బుట్టలకెత్తే పని మాది. అమ్మ పోయాక నన్ను పెంచింది మేనత్తే, ఆవిడ తప్ప నాకెవరూ లేరు. తోట కామందు గారు చదివేసిన పేపరు మధ్యాహ్నం పాకలోకి వచ్చేది, అన్నాలయ్యాక కూలీలందరికీ నేనే చదివి వినిపించేదాన్ని. సొనకి నల్లబడ్డ వేలు అక్షరాల కింద జరుపుతూ నేను కూడబలుక్కుంటుంటే, అత్త నా మొహం కాదు, ఆ వేలే చూసేది. తనకి అక్షరం రాదు గానీ, మా మేనకోడలు పేపరు చదువుద్దని విస్సన్నపేట సంతలో కూడా చెప్పుకునేది.

ఒకరోజు కామందు గారు పేపరు చేతికిస్తూ, పొలం లేనివాళ్లకీ చదువు రానివాళ్లకీ కూడా ఓటు ఇస్తారని రాశారు, అది మాత్రం చదవకు అని మెల్లగా చెప్పారు. చదివితే ఇక పేపరు ఇవ్వరేమోనని భయం వేసింది. పేపరు లేకపోతే నన్ను మధ్యలో కూర్చోబెట్టుకునేదెవరు? ఆ వార్త దగ్గరికి రాగానే వేలు ఎత్తి, కిందనున్న వానల కబురు మీద పెట్టాను.

"వేలు దాటేసిందేంటే?" అంది అత్త.

తలనూనె ప్రకటన అత్తా అన్నాను.

నాలుగు రోజులకి చాట్రాయి నుంచి వచ్చిన బండివాడు ఓటు సంగతి, అది ఏ రోజు పేపర్లో పడిందో కూడా పాకలో అందరికీ చెప్పాడు. అత్త నన్ను తిట్టలేదు.

"నా కళ్లు నువ్వేననుకున్నానే" అంది, అంతే.

మర్నాటి నుంచి అన్నం తినగానే లేచి బుట్టల దగ్గరికి వెళ్లిపోయేది, ఆవిడ వెనకే మిగతావాళ్లూ లేచారు. కొన్నాళ్లు నేనొక్కదాన్నే కూర్చుని, ఏదీ వదలకుండా, పైకే చదివాను.

తర్వాత ఓట్లు వచ్చినప్పుడు, అప్పట్లో నిలబడ్డ ఒక్కొక్కళ్లకీ ఒక్కో పెట్టె ఉండేది, ఏ పెట్టె ఎవరిదో అత్త పక్కింటావిణ్ణి అడిగి తెలుసుకుని వెళ్లింది. అదే వరసలో వెనక నేనూ నిలబడ్డాను.

ఇప్పుడు ఇంట్లో పేపరుంది, టీవీ ఉంది, మనవల చేతుల్లో ఫోన్లున్నాయి, చదివి పెట్టమని అడిగేవాళ్లే లేరు. అందరూ ఎవరి గదిలో వాళ్లుంటే నేను టీవీ ముందు కూర్చుంటాను. టీవీలో వాళ్లు ఎక్కడ ఏం దాటేస్తున్నారో అత్తలాగా పట్టుకుందామని చూస్తాను గానీ, అందులో వేలు కనపడదు.